మీసాలాయన తిరిగొచ్చిన ఆదివారం

1945 నవంబరు 18, ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర. చిత్తూరు, రేకుల సినిమా హాలు. ఉన్నవారు: ఆడవాళ్ళ వైపు సుమారు అరవై మంది, వారిలో చెంగమ్మ, ఆమె కోడలు మునెమ్మ. మగవాళ్ళ వైపు పదకొండు మంది. వెనక తలుపు దగ్గర హాలు యజమాని. పైగదిలో మిషను నడిపే ఆపరేటరు. తెర పక్కన ముక్కాలిపీట మీద నేను. నా పక్కన నిలబడి బొమ్మలయ్యోరు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. నలభై ఏళ్ళకు పైగా ఆ పేజీ తెరవలేదు. పోయిన నెల తిరుపతిలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా టీవీలో ఏదో పాత ఇంగ్లీషు సినిమా వేశారు. రైలు దిగి ఒక మీసాలాయన టోపీ తీశాడు. ‘‘ఈయన చచ్చిపోయాడు కదా’’ అన్నాను. మా అల్లుడు నా వైపు చూసి, శబ్దం తగ్గించి, బీపీ మాత్ర వేసుకున్నానా అని అడిగాడు. వేసుకున్నాను. చిత్తూరు తిరిగి వచ్చాక అటక మీది పెట్టె దించి 1945 డైరీ తీశాను.

బొమ్మలయ్యోరు అన్నది ఊరు పెట్టిన పేరు. అసలు పేరు డైరీలో ఉంది, ఇక్కడ రాయను. గోడ మీద అంటించే కాగితాల్లో తన పేరు వేస్తామని యజమాని అన్నప్పుడు కూడా ఆయన ఒప్పుకోలేదు. ‘‘బొమ్మలో నేను లేను గదప్పా’’ అన్నాడు. ఆయన పోయాడని చాలా ఏళ్ళ కిందట పుత్తూరు బస్సులో ఒకతను నాతో చెప్పాడు. చూసినవాడు కాదు, విన్నవాడు. అందువల్ల డైరీలో ఎక్కించలేదు.

ఎండాకాలం రెండు నెలలు పల్లెల్లో గుళ్ళ ముందు, ఊరికి పద్దెనిమిది రోజుల చొప్పున, భారతం చెప్పడం ఆయన కులవృత్తి కాదు, ఇష్టం కొద్దీ నేర్చుకున్నది. మిగతా పది నెలలు చిత్తూరులో ఇంగ్లీషు సినిమా వచ్చినప్పుడల్లా తెర పక్కన నిలబడి కథ తెలుగులో చెప్పేవాడు. పంచె మీద నల్లకోటు. ఒక చేతిలో రేకు గొట్టం, ఇంకో చేతిలో వెదురు కర్ర, కోటు జేబులో గంట. ఆయన గొట్టం ఎత్తగానే పైన ఆపరేటరు బొమ్మ శబ్దం తగ్గించేవాడు. ఎవరైనా చావబోతున్నారని తోస్తే ఆయన ముందుగా భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకునేవాడు. ఆ తువ్వాలు కదిలితే చాలు, ఆడవాళ్ళ వైపు ముక్కు చీదడం మొదలయ్యేది. తెర మీద మనిషి అప్పటికి ఇంకా నవ్వుతూ ఉండేవాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. బొమ్మను ముందుగా చూసేవాడు కాదు. మద్రాసు నుంచి రీళ్ళ పెట్టె ఆదివారం పొద్దున బస్సులో దిగేది, మధ్యాహ్నం ఆట. పెట్టెలో కథ అచ్చువేసిన కాగితం ఒకటి ఉండేది. నేను ఎస్సెస్సెల్సీ చదివి పోస్టాఫీసులో గుమాస్తాగా చేరినవాణ్ని, బొమ్మలయ్యోరి పక్క గదిలో అద్దెకుండేవాణ్ని. అందుకని ఆ కాగితం చదివి ఆయన చెవిలో చెప్పే పనికి యజమాని నన్ను పెట్టాడు. మూడేళ్ళలో ఆయన నా మాట విన్నది నాకు గుర్తున్నంతలో ఒక్కసారి. అది కూడా ఉక్కగా ఉంది, కోటు విప్పమని చెప్పినప్పుడు.

‘‘మామా, ఆమె అన్నది అది కాదు’’ అనేవాణ్ని.

‘‘ఆ యమ్మ ఏమంటాదో మనకెందుకప్పా. ఏం సేస్తాదో కనపడతానే ఉండాది గదా’’ అనేవాడు.

మాకు పెట్టెలు పంపే మద్రాసు కంపెనీ దగ్గర ఒకే నటి సినిమాలు ఎక్కువ ఉన్నట్టుంది. ఏడాదికి నాలుగైదు సార్లు ఆమే వచ్చేది. ఆమె పేరు పలకడం ఎవరివల్లా కాలేదు, దొరసాని అన్నారు. చిక్కు ఆమెతో కాదు. ఆమె పక్కన నటించే మగవాళ్ళతో.

మొదటి బొమ్మలో ఆమె పక్కన ఒక మీసాలాయన. కథ చివర పెళ్ళి జరిగింది. బొమ్మలయ్యోరు మంత్రాలు కూడా చదివాడు. రెండు నెలలకు ఇంకో బొమ్మ వచ్చింది. అందులో ఆమె పక్కన ఒక పొడుగాయన. ఆట మొదలై పది నిమిషాలు కాకముందే ఆడవాళ్ళ వైపు నుంచి చెంగమ్మ లేచింది. చెంగమ్మ వాళ్ళది బెల్లం మండీ. ఆ వీధి ఆడవాళ్ళు సినిమాకు రావాలా వద్దా అన్నది ఆమె చూసుకునేది.

‘‘సామీ, మొన్నటి మొగుడు యాడ?’’

ఇవి వేషాలని, ఇది వేరే కథ అని చెప్పమని నేను చెవిలో అన్నాను. ఆయన నా వైపు తిరగలేదు.

‘‘మొగుడు పనిమీద ఊరికి పోయినాడు తల్లీ. ఈయన అన్న. సెల్లెల్ని సూసి పోదామని వచ్చినాడు.’’

చెంగమ్మ కూర్చుంది. కాసేపటికి పొడుగాయన దొరసానిని దగ్గరకు తీసుకున్నాడు. ‘‘అన్నంటే అట్లుండాల’’ అని చెంగమ్మ పక్కావిడతో అని, పలమనేరులో ఉన్న తన అన్నను తలుచుకుని కళ్ళు తుడుచుకుంది. ఆ అన్న నాలుగేళ్ళుగా చీర పెట్టలేదని మాకందరికీ అప్పుడే తెలిసింది.

ఇంటికి నడిచి వస్తూ అడిగాను. ‘‘ఐదుగురిని కట్టుకున్న అమ్మకు మనమే గుళ్ళు కట్టినాం కదా మామా. ఈమెకు ఇద్దరుంటే ఏం?’’

‘‘ఆ యమ్మకు వరముండాది. ఈ యమ్మకు ఎవురిచ్చినారు?’’ అన్నాడు. కాస్త దూరం నడిచాక మళ్ళీ అన్నాడు: ‘‘ఇంగ్లీసు బొమ్మలకు ఆడోళ్ళను పంపకూడదని మండీ వీధి పెద్దలు రెండుసార్లు పంచాయితీ పెట్టినారు. ఈ హాల్లో దొరసాని ఒక్క మొగుడి పెండ్లామని నేను మాటిచ్చినా. అందుకే వస్తా ఉండారు. మాట తప్పితే ఆ అరవై మందికీ ఆదివారం పూట ఇంగ ఇల్లే గతి.’’

తర్వాత గడ్డంలో గుంట ఉన్నాయన వచ్చాడు. అన్న పదవి అప్పటికే నిండిపోయింది. బొమ్మలయ్యోరు కొంచెం తొందరపడి, ‘‘మేనమామ’’ అన్నాడు.

ఆడవాళ్ళ వైపు కలకలం లేచింది. ‘‘మేనమామైతే సేసుకోవచ్చు గదా సామీ’’ అన్నది ఒకామె. ‘‘ఈ పిల్లను బయటోడికిచ్చి, సొంత మేనమామను ఒంటిగా పెట్టినారే’’ అన్నది ఇంకొకామె. గుంటాయన తెర మీద దొరసాని చేయి పట్టుకుని మోకాలి మీద కూర్చున్నాడు. పాపం ఆయన వైపే సగం హాలు మాట్లాడుతోంది. మా ప్రాంతంలో మేనమామ అంటే ఏమిటో యాభై ఏళ్ళ మనిషికి తెలియక కాదు. నోరు జారింది. బొమ్మలయ్యోరు గంట కొట్టి, ‘‘తప్పు సెప్పినా. సిన్నాయన. నాయనకు తమ్ముడు’’ అని సరిచేశాడు. చిన్నాయన మోకాలి మీద ఎందుకు కూర్చున్నాడని ఎవరూ అడగలేదు. కింద ఏదో పడిపోయిందని ఆయనే చెప్పాడు.

నాలుగో ఆయన ఎప్పుడూ ఆమెతో నాట్యం చేసేవాడు. ఆయన డాక్టరు. చేయి పట్టుకుంటే నాడి చూస్తున్నట్టు, నడుం పట్టుకుంటే నడుంనొప్పికి మందు రాసినట్టు. మూతికి మూతి దగ్గరపడితే, పక్కన ఎవరున్నా సరే, బొమ్మలయ్యోరు ఒకే మాట చెప్పేవాడు: ‘‘రహస్యం సెప్తా ఉండారు. మనం వినకూడదు.’’ గంట మోగేది. ఆడవాళ్ళు తలలు దించుకునేవారు. మగవాళ్ళ వైపు పదకొండు మంది దించేవారు కాదు.

ఈ బంధుత్వాలన్నీ తెర వెనక గోడ మీద బొగ్గుతో గీసి పెట్టుకున్నాడు. నేను దాన్ని డైరీలోకి ఎక్కించాను. ఇప్పుడు చూసినా ఎక్కడా తప్పు లేదు.

1943లో మీసాలాయన చనిపోయాడు. అది జరిగిన తీరు రాయాలి. ఆ బొమ్మలో ఆయన యుద్ధానికి పోయాడు. దొరసాని కిటికీ దగ్గర కూర్చుంది. తంతి వచ్చింది. ఆమె ఆ టెలిగ్రాం విప్పి చదివి, గోడకు ఆనుకుని కిందికి జారింది. అక్కడ రీలు అయిపోయింది. ఆఖరి రీలు పెట్టెలో లేదు, మద్రాసులోనే మరిచిపోయారు. హాలంతా తెల్లటి తెర చూస్తూ కూర్చుంది. నేను కాగితం తిప్పి చివరి పేరా చదివాను. తంతిలో ఉన్నది గాయపడ్డాడని. ఆఖర్న ఇంటికి వస్తాడు. ఆ సంగతి చెవిలో చెప్పేలోపల ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అరవై మంది ఒక్కసారిగా ఏడ్చారు.

‘‘మామా, ఆయన చావలేదు.’’

‘‘సెప్పేసినానప్పా. ఇంగ సచ్చిపోయినట్టే.’’

ఆ తర్వాతి బొమ్మల్లో దొరసాని విధవరాలు. అన్న చూసిపోయేవాడు, చిన్నాయన ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టేవాడు, డాక్టరు నాడి చూడడం మానలేదు. కానీ ఆమె రంగు గౌన్లు, తలలో పూలు అలాగే ఉన్నాయి. చెంగమ్మకు అది పడలేదు. ‘‘మొగుడు పోయినాక పూలేంది మే ఆ యమ్మకు? అడిగేటోళ్ళు లేరా?’’ అని ఆట జరిగినంతసేపూ అనేది. పక్కన మునెమ్మ తెర వైపే చూస్తూ కూర్చునేది.

మునెమ్మ సంగతి నాకు సినిమా హాల్లో కాక పోస్టాఫీసులో తెలుసు. ఆమె భర్త పట్టాళంలో లారీ డ్రైవరుగా చేరి మలయాకు పోయాడు. 1942లో తంతి వచ్చింది. కిటికీ దగ్గర దాన్ని తెలుగులో చదివి చెప్పింది నేనే. ‘‘కనిపించడం లేదు’’ అని ఉంది, అంతే చెప్పాను. అప్పటినుంచి ప్రతి సోమవారం అత్తాకోడళ్ళు వచ్చి జాబు ఉందా అని అడిగేవారు. లేదని చెప్పేవాణ్ని. మునెమ్మ బొట్టు తీయలేదు. పూలు మాత్రం మానేసింది. ఎవరు మానమన్నారో తెలియదు.

1945 ఆగస్టులో యుద్ధం ముగిసింది. చుట్టుపక్కల పల్లెల నుంచి పోయినవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. చెంగమ్మ కొడుకు దిగలేదు. కార్తీకంలో మండీ వీధి పెద్దలు కూర్చుని మాట్లాడారు. మూడున్నరేళ్ళు చూశాం, ఇక మనిషి లేనట్టే, కర్మ జరగకపోతే ఆత్మ తిరుగుతుంది అన్నారు. వచ్చే అమావాస్యకు దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలని, పదోరోజు మునెమ్మకు బొట్టూ తాళీ తీయాలని నిర్ణయించారు. చెంగమ్మ సరేనంది. ఈ సంగతి ఆ ఆదివారానికి ఊరందరికీ తెలుసు. కోడలికి ఇదే ఆఖరి సినిమా అని చెంగమ్మ టిక్కెట్ల దగ్గర చెప్పి మరీ లోపలికి తీసుకువచ్చింది.

ఆ రోజు వచ్చింది పాత బొమ్మ. మద్రాసు వాళ్ళు ముందువి వెనక, వెనకవి ముందు పంపేవారు. వరస పాటించేవాళ్ళం మేమే, వాళ్ళకు ఆ పట్టింపు లేదు. బొమ్మ మొదలైన మూడో నిమిషంలో రైలు ఆగింది. మీసాలాయన దిగి టోపీ తీశాడు.

బొమ్మలయ్యోరు ఎత్తిన గొట్టం దించాడు. తువ్వాలు మీదికి చేయి పోయి, మధ్యలో ఆగింది.

చెంగమ్మ లేచింది. ‘‘సామీ, ఈయన సచ్చిపోయినాడు గదా.’’

వెనక తలుపు దగ్గర నుంచి యజమాని గట్టిగా గుసగుసలాడాడు. ‘‘తమ్ముడని సెప్పు. తమ్ముడని సెప్పబ్బా.’’

అది మంచి ఉపాయమే. గోడ మీది బొగ్గుగీతల్లో మొగుడి తమ్ముడి చోటు ఖాళీగానే ఉంది. బొమ్మలయ్యోరు నోరు తెరిచాడు కూడా. అప్పుడు మునెమ్మ లేచి నిలబడింది. ఆ హాల్లో ఆమె గొంతు నేను వినడం అదే మొదటిసారి.

‘‘సామీ, ఆ పొద్దు నువ్వు సూసినావా? ఆయన సచ్చిపోయేది?’’

తెర మీద మీసాలాయన తనకేమీ తెలియనట్టు బల్ల ముందు కూర్చుని గుడ్డు తింటున్నాడు. బొమ్మలయ్యోరు కర్ర గోడకు ఆనించాడు. గొట్టం నా ఒళ్ళో పెట్టాడు. గొట్టం లేకుండా ఆయన ఆ హాల్లో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. గొంతు చిన్నది.

‘‘లేదు మ్మా. తంతి వచ్చింది. రీలు అయిపోయింది. మిగిలింది నేను సెప్పినా.’’

‘‘నువ్వు సెప్పినావా?’’ అంది చెంగమ్మ.

‘‘నేనే సెప్పినా తల్లీ. ఈ పిలగాడు కాగితంలో అట్ల లేదన్నాడు. ఇనలేదు.’’

‘‘రెండేండ్లు ఏడిస్తిమే సామీ ఆయన కోసం.’’

‘‘ఏడిస్తిరి.’’

‘‘అయితే బతికే ఉండాడా?’’

బొమ్మలయ్యోరు తెర వైపు తిరిగి చూశాడు. మీసాలాయన రెండో గుడ్డు పగలగొట్టాడు.

‘‘ఉండాడు గదా’’ అన్నాడు.

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వారు. చెంగమ్మ ‘‘గమ్మునుండండిరా’’ అంది. నవ్వు ఆగింది. అత్తాకోడళ్ళు కూర్చున్నారు. ఆపరేటరు శబ్దం పెంచాడు. మిగతా బొమ్మంతా ఇంగ్లీషులోనే నడిచింది. అన్నగారైన పొడుగాయన కూడా అందులో ఒకసారి కనిపించాడు, వంటవాడి వేషంలో. ఎవరూ ఏమీ అడగలేదు. మూతులు దగ్గరపడ్డప్పుడు గంట మోగలేదు. అయినా ఆడవాళ్ళు తలలు దించుకున్నారు, చెంగమ్మ ఒక్కతే దించలేదు. ఆమె మీసాలాయననే చూస్తూ ఉంది.

మరుసటి రోజు సోమవారం, పౌర్ణమి. పొద్దున ఏడింటికి యజమాని మా ఇంటికి వచ్చాడు. అరవై మంది ఆడవాళ్ళ ముందు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నవాడిని ఇక ఎవరు నమ్ముతారని అడిగాడు. బొమ్మలయ్యోరు కోటు జేబులోంచి గంట తీసి ఇచ్చాడు.

‘‘గంట మీది. గొట్టం నాది’’ అన్నాడు.

నేను ఆఫీసుకు బయలుదేరితే ఆయన కూడా చెప్పులు వేసుకున్నాడు. యాడికి మామా అంటే, ‘‘నీ ఆఫీసుకేనప్పా. ఆ యమ్మ వస్తాది గదా సోమారం’’ అన్నాడు. వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు.

పదిన్నరకు వచ్చారు. నేను అలవాటుగా లేదని చెప్పబోయాను. చెంగమ్మ చేయెత్తింది.

‘‘జాబు అడిగేదానికి రాలేదు సారూ. రాసేదానికి వచ్చినాం. పట్టాళం ఆఫీసుకు ఇంగ్లీసులో రాయండి. నా కొడుకు బతికుండాడని నేను అనలేదు. సచ్చిపోయింది ఎవురు సూసినారో ఆ మనిషి పేరు రాసి పంపమనండి. పేరు వచ్చినాక అమావాస్య సంగతి సూస్తాం.’’

‘‘పెద్దోళ్ళు ఒప్పుకున్నారా?’’ అన్నాను.

‘‘మీలో ఎవురు సూసినారని రాత్రి అందరినీ అడిగినా. ఒగరూ నోరెత్తలేదు.’’

రాశాను. మూడు వాక్యాలకు మించలేదు. కింద మునెమ్మ తెలుగులో సంతకం చేసింది, ఒక్కో అక్షరం దగ్గర కలం ఎత్తి చూసుకుంటూ. రిజిస్టరు చేయమన్నారు, కవరుకు లక్క అద్దాను.

చెంగమ్మ వరండాలోకి పోయి బొమ్మలయ్యోరి ముందు నిలబడింది. ఆయన లేచాడు.

‘‘తప్పే తల్లీ’’ అన్నాడు.

‘‘తప్పే. పూలు పెట్టుకున్నాదని ఆ యమ్మను రెండేండ్లు తిట్టినాను.’’

‘‘ఆ యమ్మకు ఇనపడలేదులే.’’

‘‘ఇనపడకపోతే తిట్టు లేకుండా పోతాదా?’’

ఆమె మెట్లు దిగింది. గేటు దగ్గర పూలమ్మే ఆమె బుట్ట దించి కూర్చుంది. చెంగమ్మ ఒక మూర కనకాంబరాలు తీసుకుని మెట్లెక్కి వచ్చింది. కోడలి భుజం పట్టి అటు తిప్పింది. మునెమ్మ కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. చెంగమ్మ పూలు కొప్పులో దోపి, ఒకసారి వెనక్కి జరిగి చూసి, మళ్ళీ సరిచేసింది.

నేను కవరు మీద తేదీ ముద్ర వేశాను. సరిగా పడలేదు. రెండోసారి వేశాను.